రెండెక్కువా, పన్నెండెక్కువా?

బుజ్జీ,

ఉత్తరం బాగా ఆలస్యమైంది, ముందు తిట్టాల్సింది తిట్టేసుకో. ఫోన్లో చెబుదామంటే సగంలో పిల్లాడికి అన్నం పెట్టాలంటావు. ఇది మధ్యలో ఆపితే చెడిపోయే సంగతి. ఇంట్లో అంతా బాగున్నాం. అమ్మ మోకాళ్ళు ఫరవాలేదు. సార్వా నాట్లు అయిపోయాయి. తమ్ముడు భీమవరంలో రొయ్యల మేత కొట్లో చేరాడు. ఇక అసలు కథ విను.

సాయంత్రాలు రామాలయం అరుగు మీద పెద్దవాళ్ళకి చదువు చెబుతున్నానని చెప్పాగా, ఉల్లాస్ వాలంటీరుగా. అదే, చదువు రాని పెద్దవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన కార్యక్రమం. వచ్చేవాళ్ళంతా లేసు అల్లే ఆడవాళ్ళే. 2024లో మన నరసాపురం లేసుకి, ఇది ఫలానా ప్రాంతం సరుకే అని చెప్పే జీఐ గుర్తింపు వచ్చిందని పేపర్లో పడిందే, అది చదవగలిగినవాళ్ళు వీళ్ళలో ఒక్కరూ లేరు. 2011 జనాభా లెక్కల్లో మన జిల్లాలో నూటికి 74 మందికి పైగా అక్షరాస్యులట. ఆ మిగిలినవాళ్ళలో కొందరు నాకిప్పుడు పేరుపేరునా తెలుసు.

చివరింటి పిన్ని గుర్తుందా? మన గుమ్మడికాయ కేసులో సాక్షి! ఆవిడే. సన్న దారంతో ఒక్క కుట్టు తప్పకుండా అల్లే చెయ్యి, పెన్సిల్ పట్టుకుంటే మాత్రం ములుకు పుటుక్కున విరిగేంత గట్టిగా నొక్కేస్తుంది. నూట ఐదు రాయమంటే 1005 అని రాస్తుంది. వంద రాసి పక్కన ఐదు పెట్టానుగా అంటుంది. నోటితో అడుగు, కూలి లెక్క పైసాతో సహా చెప్పేస్తుంది! వీళ్ళకి లెక్కలు రాకపోవడమేమిటే, కాగితం మీద పెట్టడం రాదంతే. అలాంటివాళ్ళకి అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని మొదలుపెడితే నిద్రొస్తుంది. అందుకే నేను పాస్‌బుక్కులే తెమ్మన్నాను.

మొన్న పాస్‌బుక్కుతో పాటు పిన్ని ఓ బ్యాంకు కాగితం తెచ్చింది. అందులో ఏడాదికి 12 శాతం వడ్డీ అని ఉంది. అంకె తనే చదివింది. చదివి, "చూశావా అమ్మాయ్, పన్నెండంట! నేను రెండు రూపాయలకే తెచ్చుకున్నా" అంది. ముప్పై వేలు, బయట, ప్రోనోటు మీద వేలిముద్ర వేసి.

నేనేమీ అనలేదు. సుద్దముక్క ఇచ్చాను. వందకి నెలకి రెండు, నెలకో గీత గియ్యి పిన్నీ అన్నాను. పన్నెండు గీతలు గీసి ఒక్కోదాని కింద 2 వేసింది. వేళ్ళ మీద కూడుకుంటూ వచ్చి ఇరవై నాలుగు దగ్గర ఆగింది. మళ్ళీ మొదటి నుంచి కూడింది. అదే వచ్చింది. "అంటే బ్యాంకోళ్ళ పన్నెండు ఏడాది మొత్తానికా?" అని అరిచింది బుజ్జీ, గుళ్ళో పంతులుగారు బయటికొచ్చారు!

తర్వాత నన్ను నోరెత్తనివ్వలేదు. ముప్పై వేలకి నెలకి ఆరొందలు, ఏడాదికి ఏడు వేల రెండొందలు. బ్యాంకులో అయితే మూడు వేల ఆరొందలు. సగానికి సగం! పలక మీద రెండూ పక్కపక్కనే రాసింది, సున్నాలు ఒక్కటీ ఎక్కువ తక్కువ లేకుండా. అప్పుడు కోపం వచ్చింది చూడు... "ఈ మూడు వేల ఆరొందలూ ఎన్ని రాత్రుల అల్లకమో నీకు తెలుసా?" అంది. నాకు గొంతు పట్టేసింది.

మర్నాడు అందరూ వాళ్ళ వాళ్ళ అప్పుల లెక్కలతో దిగారు. ఒకావిడది మూడు రూపాయల వడ్డీ. ముప్పై ఆరు అని తనే వేసుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఇంకొకావిడ రావడం మానేసింది, మొగుడు ఎగతాళి చేస్తున్నాడట. వాళ్ళింటికి వెళ్ళాలి, ఏం మాట్లాడాలో మాత్రం... సరే, అది తర్వాత.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద ఆడవాళ్ళు తిరగబడింది కూడా ఇలాంటి రాత్రి చదువుల్లోంచేనని అమ్మ చెబుతుంటే ఇన్నాళ్ళూ ఊరికే వినేదాన్ని.

ఉల్లాస్ పరీక్ష 150 మార్కులకి. చదవడం, రాయడం, లెక్కలు తలా యాభై. పిన్ని లెక్కల్లో దుమ్ము దులుపుతుంది, రాతే కొంచెం టెన్షన్. సోమవారం ఆవిడా నేనూ బ్యాంకుకి వెళ్తున్నాం, అప్పు అటు మార్చుకోవడానికి. ఫారం మీద సంతకం తనే పెడుతుందట, రోజూ అదే రాస్తోంది. మన ఎర్ర గొడుగు మాస్టారు ఇదంతా చూస్తే ఏమనేవారో నువ్వే చెప్పు.

ఇంకా చాలా ఉంది గానీ పోస్టు కట్టేసే వేళైంది, పిన్ని కూడా గుమ్మంలో నించుని పిలుస్తోంది. వెంటనే జవాబు రాయి.

నీ
చిట్టి