జులై 22న ఒక పేజీ నిండా పై (π) అంకెలు వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఏటా మార్చి 14న పేపర్లలో పై డే అని (పై అంటే వృత్తం చుట్టుకొలతని వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య, 3.14159...) ఒక చిన్న ముక్క వస్తుంది, 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ మ్యూజియంలో లారీ షా మొదలుపెట్టాడని రాస్తారు, అంతే. కానీ 3/14 అనేది అమెరికా వాళ్లు తేదీ రాసే పద్ధతి, పైగా మన దగ్గర అది పరీక్షల సీజన్, పిల్లలకి అంకెలతో ఆడుకునే తీరికెక్కడిది. బళ్లో పైకి బదులు వాడే భిన్నం 22/7, మన పద్ధతిలో అది జులై 22, స్కూళ్లు తెరిచి కాస్త కుదురుకున్న టైమ్. ఆ రోజు ఒక పేజీలో వ్యాసాలు, ప్రకటనలు ఏమీ లేకుండా పై మొదటి 1000 అంకెలు వేయండి, నా రిక్వెస్ట్ ఇదే.

నేను లెక్కల ట్యూషన్ చెప్తాను. 22ని 7తో భాగించమంటే పిల్లలు 3.142857 దాకా వెళ్లి, టీచర్ మళ్లీ 1 వచ్చింది మళ్లీ 4 వచ్చింది అని అరుస్తారు. శేషం 1 నుంచి 6 లోపే ఉండాలి కాబట్టి ఆరు మెట్లయ్యాక పాత శేషం రాక తప్పదు, వాళ్లే కనుక్కుంటారు ఆ సంగతి. అసలు పైలో మాత్రం అలా ఒకే గుంపు ఎప్పటికీ తిరుగుతూ ఉండే చోటు దొరకదు, 1760ల్లోనే లాంబర్ట్ అనే గణిత శాస్త్రవేత్త నిరూపించాడు. కానీ వెతుకుతుంటే వేరేవి దొరుకుతాయి. పాయింట్ తర్వాత 31 అంకెల దాకా సున్నాయే లేదు, 32వది సున్నా. వరసగా ఆరు 9లు వచ్చే చోటు కూడా ఈ వెయ్యిలోనే ఉంది, ఎక్కడో ఇక్కడ చెప్పను, పిల్లలే పట్టుకోవాలి. మూడంకెల డోర్ నంబర్ అయితే ఈ వెయ్యిలో దొరికే అవకాశం మూడింట రెండొంతులకి దగ్గర, నాలుగంకెల బండి నంబరైతే పదింట ఒకటి. అందరి ఫోన్ నంబర్లూ పైలో ఉంటాయని వాట్సాప్‌లో తిప్పుతుంటారు కదా, ఉంటాయనే చాలామంది గణిత శాస్త్రవేత్తల నమ్మకం కానీ ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు, ఆ మాట చెప్తే పిల్లల కళ్లు ఇంకా పెద్దవవుతాయి.

దేనికి పనికొస్తుంది అని పేరెంట్స్ అడుగుతారు. నాసా వాళ్లు గ్రహాల మధ్య స్పేస్‌క్రాఫ్ట్ నడపడానికే పాయింట్ తర్వాత 15 అంకెలు చాలంటారు, పని కోసమైతే అక్కడ ఆగిపోవచ్చు. కానీ 2015లో వేలూరు విఐటిలో రాజ్‌వీర్ మీనా కళ్లకి గంతలు కట్టుకుని 70,000 అంకెలు దాదాపు పది గంటల పాటు అప్పజెప్పాడు, 2022లో గూగుల్‌లో ఎమ్మా హరుకా ఇవావో 100 లక్షల కోట్ల అంకెలు లెక్కేయించింది, ఆ లెక్కకి వాడిన సూత్రం మన రామానుజన్ 1914లో ఇచ్చిన సూత్రాల బాటలోదే. సరదాతో మొదలవ్వకుండా ఇంత దూరం ఎవరు వెళ్తారు చెప్పండి.

ఒక్కటి మాత్రం గట్టిగా అడుగుతున్నా, ప్రూఫ్ రెండుసార్లు చూడండి. ఇంగ్లాండ్‌లో విలియం శాంక్స్ ఏళ్ల తరబడి చేత్తో లెక్కేసి 1873 నాటికి 707 అంకెలిచ్చాడు, 528వ అంకె దగ్గర తప్పు పడి అక్కడి నుంచి అన్నీ పోయాయి, 1940ల్లో ఫెర్గూసన్ అనే ఆయన మళ్లీ లెక్కేసేదాకా ఎవరికీ తెలీదు. పారిస్‌లో ఒక సైన్స్ మ్యూజియం గోడ మీద అవే అంకెలు పెట్టి 1949లో దిద్దుకోవాల్సి వచ్చింది. పది అంకెలకొక గ్యాప్, లైనుకి యాభై, మార్జిన్‌లో 50, 100, 150 అని వేస్తే తమకి దొరికింది ఎన్నో స్థానమో పిల్లలు వేలు పెట్టి లెక్కపెట్టుకోగలరు, సైజు మాత్రం తగ్గించకండి.

ఇట్లు
ఒక లెక్కల టీచర్, తెనాలి