రెండు మందులకు లొంగని మూర్ఛకు మూడో మాత్ర ఒక్కటే దారి కాదు

సంపాదకుడు గారికి,

ఏటా నవంబరు 17న జాతీయ మూర్ఛ దినం పేరిట వైద్య విద్యార్థులు ప్లకార్డులు పట్టుకుని ఊరేగడం, మర్నాడు ఆ ఫొటోలు జిల్లా పేజీల్లో రావడం ఆనవాయితీ అయింది. మూర్ఛ అంటువ్యాధి కాదని, పడిపోయిన మనిషి చేతిలో తాళంచెవులు పెట్టవద్దని వాటిమీద రాసి ఉంటుంది. మంచిదే. కానీ మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నా ఫిట్స్ ఆగనివాళ్లు ఎక్కడికి వెళ్లాలో, ఎప్పుడు వెళ్లాలో చెప్పే ప్లకార్డు నాకు ఇంతవరకు కనబడలేదు.

సరిగా గుర్తించి వైద్యం చేస్తే మూర్ఛ ఉన్న పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నా బాధ మిగిలిన ముగ్గురి గురించి. మన దేశంలో మూర్ఛ ఉన్నవారు కోటికి పైగానే ఉంటారన్న అంచనాను బట్టి చూస్తే ఆ ముగ్గురి లెక్క లక్షల్లోకి వెళుతుంది. తగిన మందులు రెండు, తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛగా పరిగణించాలని ఈ రంగంలోని అంతర్జాతీయ వైద్యుల సంఘం 2010లోనే నిర్వచించింది. ఆ తర్వాత ఎన్ని మందులు మార్చినా పూర్తిగా ఆగే అవకాశం బాగా తగ్గిపోతుంది కాబట్టి, మూర్ఛ పుట్టే మెదడు భాగాన్ని తీసేసే శస్త్రచికిత్సకు పనికివస్తారో లేదో తేల్చే కేంద్రానికి రోగిని పంపవలసింది అప్పుడే. మన దగ్గర మాత్రం చీటీలో ఇంకో మాత్ర చేర్చి, మూడు నెలలాగి రమ్మంటారు.

చిన్నతనంలో జ్వరంతో చాలాసేపు ఫిట్స్ వచ్చిన పిల్లల్లో కొందరికి, ఏళ్లు గడిచాక, కణత వెనుక మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం గట్టిపడి ఉండటం, అక్కడి నుంచే మూర్ఛ పుట్టడం కనిపిస్తుంది. నాది ఆ రకం. కిందపడి కాళ్లూ చేతులూ కొట్టుకునే మూర్ఛ కాకపోవడంతో చాలాకాలం దాన్ని ఎవరూ మూర్ఛ అనుకోలేదు. కడుపులోంచి ఏదో గొంతుకు ఎగదన్నినట్టు అవుతుంది. ఆపైన ఒకటి రెండు నిమిషాలు నాకేమీ తెలియదు. పెదవులు చప్పరిస్తూ, ఎడమచేత్తో చీర చెంగు నలుపుతూ, పిలిస్తే పలక్కుండా ఉండేదాన్నట. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. స్నానాల గదికి లోపలి గడియ పీకించేశారు, పొయ్యి దగ్గరకు ఒంటరిగా పోనిచ్చేవారు కాదు. నేను తెలుగు చెప్పే ప్రైవేటు పాఠశాలలో ఒకసారి పాఠం మధ్యలో అలా జరిగింది. ఆ నెల జీతంతోపాటు ఇక రావద్దన్న మాట కూడా చేతిలో పెట్టారు. ఫెనిటాయిన్ అనే మాత్రతో చిగుళ్లు వాచాయి, లెవెటిరాసెటమ్ అనే మరో మాత్రతో అయినదానికీ కానిదానికీ చిరాకు వచ్చేది, ఫిట్స్ మాత్రం వస్తూనే ఉన్నాయి. మామూలుగా తీసిన ఎంఆర్‌ఐ రిపోర్టు నార్మల్ అని వచ్చింది. మూర్ఛ కోసమే ఉద్దేశించిన పద్ధతిలో, హిప్పోకాంపస్ కనబడేలా సన్నని పొరలుగా తీసి, అనుభవమున్న రేడియాలజిస్టు చూసినప్పుడే ఎడమవైపు లోపం బయటపడింది.

మెదడుకు కత్తి పెడితే మనిషి మనిషిగా మిగలదన్న భయం మా ఇంట్లోనూ ఉండేది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1953లో అమెరికాలో ఒక యువకుడికి రెండువైపులా హిప్పోకాంపస్‌ను చాలావరకు తీసేయడంతో అతనికి కొత్త జ్ఞాపకాలు ఏర్పడటమే ఆగిపోయింది. మూర్ఛ ఒకవైపు నుంచే పుడుతోందని, రెండోవైపు జ్ఞాపకశక్తిని మోయగలదని తేల్చుకున్నాకే ఇప్పుడు ఇలాంటి శస్త్రచికిత్సకు పూనుకుంటున్నారు. అందుకు ఆసుపత్రిలో చేర్చుకుని, మాత్రలు తగ్గించి, తలకు వైర్లు అంటించి, రాత్రింబగళ్లు కెమెరా ముందు ఉంచి, ఫిట్ వచ్చినప్పుడు అది ఎక్కడ మొదలైందో మెదడు విద్యుత్ తరంగాల్లో చూసే వీడియో ఈఈజీ తీస్తారు. ఏది రాకూడదని ఇన్నేళ్లూ దేవుళ్లకు మొక్కుకున్నామో, అది త్వరగా వస్తే బాగుండునని ఆ మంచం మీద కూర్చుని కోరుకోవడం చిత్రంగా ఉంటుంది.

ఇదేమీ నిన్నమొన్న వచ్చిన వైద్యం కాదు. వెల్లూరు సీఎంసీలో డాక్టర్ జాకబ్ చాందీ 1952లోనే మూర్ఛకు శస్త్రచికిత్స చేశారు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్య సంస్థలో 1995 నుంచి చేస్తున్నారు; మన హైదరాబాదు నిమ్స్‌లోనూ ఉంది. కెనడాలో 80 మందితో జరిపి 2001లో ప్రచురించిన పరీక్షలో, ఏడాది తర్వాత స్పృహ తప్పే ఫిట్స్ లేకుండా ఉన్నవారు శస్త్రచికిత్సకు ఎంపికైన వర్గంలో 58 శాతం, మందులతోనే ఉన్నవారిలో 8 శాతం. ఢిల్లీ ఎయిమ్స్ 116 మంది పిల్లలతో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఆ అంకెలు 77, 7. ఇంత తేడా కళ్లెదుట ఉండగా రోగికి కనీసం ఆ మాట చెవిన వేయకపోవడానికి సాకు ఏముంటుందో నాకు అర్థం కాదు.

నేనూ ఆ శస్త్రచికిత్స చేయించుకున్నాను. దానితో కష్టాలన్నీ తీరిపోతాయని రాస్తే అబద్ధమవుతుంది. కణత దగ్గరి కండరాన్ని కోస్తారు కనుక కొన్ని వారాలపాటు నోరు పూర్తిగా తెరుచుకోక, ముద్ద చిన్నది చేసుకుని తినాలి. చూపులో కుడివైపు పైమూల కొంత పోయింది. తెరిచి ఉన్న అల్మరా తలుపు నుదుటికి తగిలాకే తెలుస్తుంది. తరగతిలో ఎదురుగా కూర్చున్న పిల్లవాడి ముఖం, వాళ్ల నాన్న చేసే పని అన్నీ గుర్తుంటాయి, పేరు మాత్రం నోటికి రాదు. మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను. మొదటి నెలల్లో కారణం లేకుండా దిగులు కమ్మేది. అది చాలామందికి ఉండేదేనని, దానికీ వైద్యం ఉందని చెప్పే మనిషి మా జిల్లాలో దొరకలేదు. అయితే ఫిట్స్ లేవు. స్నానాల గదికి మళ్లీ గడియ బిగించారు, ఇప్పుడు ఇంకో బడిలో పాఠం చెబుతున్నాను.

మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా చూపే మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తొలగించారు. అయినా మా చెల్లెలి సంబంధాలు చూస్తున్న ఈ రోజుల్లో ఈ లేఖ కింద నా పేరు వేయవద్దని మిమ్మల్ని కోరవలసి వస్తోంది. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో మూర్ఛ ఉందా అని ఒకే ప్రశ్న ఉంటుంది. ఫిట్స్ ఆగి ఎంతకాలమైందని అడిగే గడి ఉండదు. బ్రిటన్‌లో ఏడాదిపాటు ఫిట్స్ లేకపోతే కారు నడపడానికి అనుమతి తిరిగి పొందవచ్చు. అలా నిజం చెప్పినవాడికి దారి చూపని మన నిబంధన, దాచిపెట్టమని నేర్పడానికే పనికివస్తుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్యశాఖలను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. రెండు మందులకు లొంగని ప్రతి రోగిని శస్త్రచికిత్స కేంద్రానికి పంపి తీరాలన్న ఉత్తర్వు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా వెళ్లాలి. ఆ పరీక్షలకు, శస్త్రచికిత్సకు ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకాలు ఏ మేరకు వర్తిస్తాయో ప్రతి జిల్లా ఆసుపత్రిలో తెలుగులో రాసి పెట్టాలి. మూర్ఛ మాత్రలు ఒక్క పూట తప్పినా ముప్పు రావచ్చు కనుక, స్టాకు లేదు, వచ్చే వారం రండి అని ఫార్మసీ కిటికీ దగ్గర చెప్పే పరిస్థితి ఈ మందుల విషయంలోనైనా లేకుండా చూడాలి.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయిని,
తూర్పు గోదావరి జిల్లా