వార్షిక నివేదిక: ఈ ఏడాది ఎక్కువగా స్కానింగ్ రికార్డుల సంగతే

రాయగడ తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, మజ్జిగౌరమ్మ జాతరలో మన చలివేంద్రం, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. ఆరోగ్య ఉపసంఘం పని గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

రాయగడలో మనవాళ్లు వెళ్లే ఒక స్కానింగ్ సెంటర్ కంప్యూటర్ రికార్డులకు మారింది. ఫిల్ము మానేసి ఫోన్‌కి లింకు పంపి, చేతికి రిపోర్టు ఇస్తున్నారు. పెద్దవాళ్లకు ఇది నచ్చలేదు. "అంత డబ్బు కట్టి ఒట్టి కాగితమా?" అన్నారు. నిజానికి ఫిల్ము మీద పడేవి ఏరిన బొమ్మలే. సీటీ తీస్తే వందల బొమ్మలు వస్తాయి, డైకామ్ అనే కంప్యూటర్ ఫైలులో అవన్నీ ఉంటాయి. ఊపిరితిత్తికి ఒకలా, ఎముకకు ఒకలా వెలుగునీడలు మార్చుకుని చూసే వీలు డాక్టరుకు అందులోనే ఉంది. ఫిల్మును కిటికీకి ఆనించి ఫొటో తీసి వాట్సాప్‌లో విశాఖకు పంపితే ఆ వీలు పోతుంది. సీటీ ఫైలులో మామూలుగా 4,096 బూడిద ఛాయలుంటాయి, సెల్లు ఫొటోలో 256. 1993 నుంచి డైకామ్ పేరుతో నడుస్తున్న ఈ పద్ధతిని పెట్టిందే ఏ కంపెనీ మిషన్‌లో తీసినా ఇంకోచోట తెరుచుకోవాలని. అందుకే విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికో బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రికో బయల్దేరేవారు డైకామ్ కాపీని పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. సీడీ వద్దు, దాన్ని పెట్టే కంప్యూటర్లే తగ్గిపోయాయి.

అసలు చిక్కు మన పేర్లతో వచ్చింది. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, కౌంటర్‌లో ఒడియా అబ్బాయి అలవాటుగా దాన్ని చివర రాస్తాడు, ఇంగ్లీషు స్పెల్లింగ్ చీటీకొకటి. మనిషొకరే అయినా కంప్యూటర్‌కి ముగ్గురు రోగులు. ఒక సభ్యురాలి పాత ఎంఆర్ఐ అదే సెంటర్‌లో ఉండగా, కొత్త రిపోర్టులో మాత్రం పోల్చడానికి పాతది లేదని వచ్చింది. గడ్డ పెరిగిందో లేదో పాతదాన్ని పక్కన పెట్టి చూస్తేనే కదా తేలేది! ఉపసంఘం వెళ్లి అడిగాక ఆమె పేరున విడిగా ఉన్న రెండు రోగి నంబర్లూ కలిపి, పోల్చిచూసి, రిపోర్టుకు అదనపు పేరా జోడించారు. స్కాన్ చదివి రిపోర్టు రాసే రేడియాలజిస్టును తప్పుపట్టలేం, ఆయన తెరమీదకే అది రాలేదు. ఇకమీదట ప్రతిసారీ ఒకే స్పెల్లింగ్, ఒకే పుట్టిన తేదీ, ఒకే ఫోన్ నంబరు ఇవ్వండి. మనవడి నంబరు ఒకసారి, కోడలి నంబరు ఒకసారి ఇవ్వొద్దు.

ఆభా నంబరు గురించి చాలామంది అడిగారు. 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల నంబరు అది. వైద్యానికి డబ్బిచ్చే ఆయుష్మాన్ కార్డు వేరు, ఇది వేరు. మీరు ఒప్పుకుంటేనే రికార్డు ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి వెళుతుంది. సెంటర్ సాఫ్ట్‌వేర్ కూడా ఆ మిషన్‌తో కలిసి ఉండాలి. బిల్లు కంప్యూటర్‌లో కొట్టినంత మాత్రాన మీ రికార్డు అక్కడికి చేరదు.

నా అభిప్రాయం ఒకటి చెబుతాను. సెంటర్లు ఎంత ఖర్చుపెట్టినా, పంపే డాక్టరు చీటీలో "సీటీ కడుపు" అని రాసి ఊరుకుంటే ఉపయోగం సగమే. ఏ బాధకు తీస్తున్నారు, బొమ్మ స్పష్టంగా కనబడ్డానికి ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజక్షన్ పడదా, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంత వచ్చింది అన్నవి కంప్యూటర్‌లో ఎక్కితేనే చదివేవారికి దారి దొరుకుతుంది. ఆ వివరాలు మనమైనా కాగితం మీద పట్టుకెళదాం. గర్భిణులు స్కానింగ్‌కు వెళ్తే ఆ స్కానింగ్ వివరాలు రాసే ఫారం ఎఫ్ ఎలాగూ నింపాలి. అది 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం నియమం, కంప్యూటర్ వచ్చినంత మాత్రాన అది పోదు.

లింకు ఎన్నాళ్లు పనిచేస్తుందో కౌంటర్ దగ్గర ఒడియాతోపాటు తెలుగులోనూ రాసిపెట్టమని ఇక్కడి రెండు సెంటర్లకు వినతిపత్రం ఇచ్చాం. ఒకరు సరేనన్నారు. రెండోవారిని వచ్చే నెల మళ్లీ కలుస్తాం. లింకు వచ్చిన రోజే ఫైలు దించుకోండి. చేతకానివారు ఆదివారం ఉదయం ఫోన్ పట్టుకుని సంఘం కార్యాలయానికి రండి, మన కుర్రాళ్లు దించి పెడతారు.