రేషియో ఒక్కటే చూసి చెక్కు రాయబాక

ఒంగోలు

ఒరే శీనా,

కావలి దగ్గర ఆ రొయ్యల మేత కంపెనీ వాళ్లు నీకు పంపిన సీసీపీఎస్ కాగితాలు చదివాను. సీసీపీఎస్ అంటే గడువుకి తప్పనిసరిగా ఈక్విటీగా, అంటే మామూలు షేరుగా, మారిపోయే ప్రిఫరెన్స్ షేరు (డివిడెండులో ముందు హక్కున్న షేరు). ఒక ప్రిఫరెన్స్ షేరుకి రెండున్నర ఈక్విటీ షేర్లు ఇస్తామన్నారని సంబరపడుతున్నావు, అదే రేషియో. ఆ రెండున్నర ఎట్టా వచ్చిందో, రేపు ఎందుకు మారొచ్చో తెలుసుకున్నాకే చెక్కు రాయి.

లెక్క చిన్నదే. ఒక్కో ప్రిఫరెన్స్ షేరుకి నువ్వు కట్టేది 100 రూపాయలు, కన్వర్షన్ ధర, అంటే మారేటప్పుడు ఒక్కో ఈక్విటీ షేరుకి లెక్కగట్టే ధర, 40. వందని నలభైతో భాగిస్తే 2.5. నీ 5 లక్షలకి 5,000 ప్రిఫరెన్స్ షేర్లు, మారినాక 12,500 ఈక్విటీ షేర్లు. ఇవాళ ఈక్విటీ షేరు 30 పలుకుతుంటే నీ వందకి చేతికొచ్చే విలువ 75. ధర 40 దాటితేనే నీకు మిగులు. గడువు నాటికి 25కి పడిపోయినా మారాల్సిందే, నా డబ్బు నాకిమ్మనే వీలు లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు కట్టే వందలో ముఖ విలువ 10, ప్రీమియం 90. కాగితంలో మాత్రం "ముఖ విలువను కన్వర్షన్ ధరతో భాగించగా" అని రాశారు. అట్టా చేస్తే పదిని నలభైతో భాగించాలి, వచ్చేది 0.25. పన్నెండు వేల ఐదొందలు కాదు, 1,250 షేర్లు! వాళ్లు మోసం చేస్తున్నారని అనను, పాత నమూనా ఎత్తి రాసుంటారు. కానీ తగాదా వస్తే నోటిమాట నిలవదు, కాగితమే నిలుస్తుంది. "ముఖ విలువ" కొట్టేయించి "ప్రీమియంతో కలిపి ఇష్యూ ధర" అని రాయించు. దీని మీద మెత్తబడబాక.

స్ప్లిట్ (షేరుని చిన్న షేర్లుగా చీల్చడం), బోనస్ (ఉన్నవాళ్లకి ఉచితంగా షేర్లివ్వడం) మాట కూడా ఉండాలి. 10 రూపాయల ఈక్విటీ షేరుని 2 రూపాయలవిగా చీలిస్తే కన్వర్షన్ ధర 40 నుంచి 8కి దిగాలి, రేషియో 12.5 అవ్వాలి. ఆ షరతు లేకపోతే నీ వాటా అయిదో వంతుకి పడిపోద్ది.

ఇంకోటి, రేపు కంపెనీ 40 కన్నా తక్కువకి కొత్త షేర్లు అమ్మితే? నీ కన్వర్షన్ ధర కూడా తగ్గించేలా షరతు ఉండాలి. ఇప్పుడు 10 లక్షల షేర్లున్నాయనుకో, ఇంకో 2 లక్షలు 20 రూపాయలకి అమ్మారు, 40 లక్షలు వచ్చాయి. ఆ సొమ్ముకి పాత ధరలో లక్ష షేర్లే రావాలి. అందుకని 40ని 11 లక్షలతో హెచ్చవేసి 12 లక్షలతో భాగిస్తారు: 36.67. దీన్ని వెయిటెడ్ యావరేజ్ అంటారు. నీకు 13,636 షేర్లు వస్తాయి, మిగిలే భిన్నానికి నగదు ఇస్తారో లేదో అడుగు. ఫుల్ రాచెట్ అనే ఇంకో పద్ధతి అయితే నీ ధర నేరుగా కొత్త అమ్మకం ధర 20కి దిగుతుంది, నీకు 25,000 షేర్లు. అది ప్రమోటర్ల నడ్డి విరుస్తుంది, వాళ్లు ఒప్పుకోరు. వెయిటెడ్ యావరేజ్ అడుగు, అది న్యాయం. ఏది రాసినా కన్వర్షన్ ధర ఈక్విటీ ముఖ విలువ కిందికి దిగదు. 2013 కంపెనీల చట్టం 53వ సెక్షన్ డిస్కౌంటుకి షేర్లివ్వడాన్ని ఒప్పుకోదు.

12,500 అనే అంకె విని మురిసిపోబాక. కౌంటు తెలియకుండా రొయ్యకి రేటు చెప్పవు కదా, ఇదీ అంతే. ఉద్యోగుల ఆప్షన్లు, వారంట్లు (రెండూ ముందే ఖాయం చేసిన ధరకి తర్వాత షేర్లు కొనుక్కునే హక్కులు), మిగతా సీసీపీఎస్‌లు అన్నీ మారితే మొత్తం ఎన్ని షేర్లవుతాయో రాతపూర్వకంగా తీసుకుని, అందులో నీ శాతం చూడు.

ఈ షరతులన్నీ ఒప్పందంలోనే కాదు, కంపెనీ ఆర్టికల్స్‌లోనూ (కంపెనీ నడిచే నియమావళిలోనూ) ఎక్కాలి. రెండింటికీ పొంతన లేకపోతే చిక్కు. ఆర్టికల్స్ ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో ఫీజు కట్టి చూడొచ్చు. ఈ ప్రిఫరెన్స్ షేర్ల కోసం వాటాదారులకి పంపిన నోటీసు కూడా అడుగు, కన్వర్షన్ షరతులు అందులో చెప్పి తీరాలి.

సవరించిన కాగితం రాగానే కన్వర్షన్ పేజీలు ఫొటో తీసి పంపు. సంతకం ఆ తర్వాతే.

నీ
సుబ్బారావు