ధైర్యం ఎక్కడిదని అడిగావుగా

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

"ఉద్యోగం మానేసి బోటు ఇంజిన్ల రిపేరు షెడ్డు పెట్టేంత ధైర్యం నీకెక్కడిదిరా, మీ దేవుడేమైనా కలలోకి వచ్చి చెప్పాడా?" అని ఫోన్లో అడిగావు. పక్కనే బోటు ఓనరు నిలబడి ఉన్నాడని నవ్వేసి ఊరుకున్నాను. ఇప్పుడు పిల్లలు పడుకున్నారు, తీరిగ్గా చెబుతాను.

కలలోకి ఎవరూ రాలేదు. డిసెంబరు 31 రాత్రి చర్చిలో మేం వాగ్దానం కార్డు, అంటే కొత్త ఏడాదికని బైబిల్ వచనం రాసిన కార్డు, తీస్తామని నీకు తెలుసుగా. ఈసారి నాకొచ్చిన వచనానికీ బోటు ఇంజిన్లకీ ఏ సంబంధమూ లేదు. మా అత్తయ్య మాత్రం అందులోంచి షెడ్డు, అద్దె, అడ్వాన్సు అన్నీ లాగి చూపించింది! కార్డు చూసుకుని ఉద్యోగం మానేసేవాణ్ణి చూస్తే నాకే భయం.

ముందు లెక్కలు వేశాను. నమ్మకం ఉన్నవాడికి లెక్కలెందుకు అనేవాళ్లున్నారు గానీ, గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోడా అని అడిగింది యేసే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో వేట నిషేధం. ఓనర్లు ఇంజిన్లు విప్పించి ఓవర్‌హాలింగ్ చేయించుకునేది అప్పుడే. అందుకే నిషేధం మొదలవకముందే హార్బరు దగ్గర షెడ్డు తీసుకున్నాను. ఇంట్లో బంగారం జోలికి పోలేదు. దేవుడున్నాడు కదా అని పెళ్లాం నగలు తాకట్టు పెట్టి దూకేస్తే దాన్ని నేను విశ్వాసం అనను. దేవాలయ శిఖరం మీంచి దూకు, దూతలు పట్టుకుంటారు అని యేసుకి సలహా ఇచ్చింది సాతాను!

లెక్కలు కుదిరాయి, భయం మాత్రం పోలేదు. 2023 నవంబరులో హార్బరులో మంటలు లేచి పదుల కొద్దీ బోట్లు తగలబడ్డాయి కదా, మా ఆవిడ రోజూ ఆ సంగతే తీసేది. మళ్లీ అలాంటిది జరిగితే? నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

నన్ను నిజంగా కదిపింది యేసు చెప్పిన తలాంతుల కథ. నీకు తెలియదేమో. యజమాని దూరదేశం వెళ్తూ ఒక దాసుడికి ఐదు తలాంతులు, ఇంకొకడికి రెండు, మూడోవాడికి ఒకటి ఇచ్చి వెళ్తాడు. తలాంతంటే చిల్లర కాదు, కూలివాడు ఇరవై ఏళ్లు కష్టపడితే వచ్చేంత డబ్బు. మొదటి ఇద్దరూ వ్యాపారం చేసి రెట్టింపు చేస్తారు. మూడోవాడు గొయ్యి తవ్వి పాతిపెడతాడు. వాడు సోమరి అని యజమాని తిడతాడు, సండే స్కూల్లో మాకు అంతవరకే చెప్పారు. వాడు చెప్పుకున్న కారణం మాత్రం వేరు. నువ్వు కఠినుడివని తెలుసు, అందుకే భయపడ్డాను అంటాడు. వాడి భయం బజారు గురించి కాదు బావా, యజమాని గురించి. డబ్బు పోయే ప్రమాదం మిగతా ఇద్దరికీ ఉంది, వాళ్లు మాత్రం ఆయన్ని అలా చూడలేదు. నా లోపల కూడా ఆడిటర్ లాంటి దేవుడొకడు కూర్చుని ఉన్నాడు. నష్టమొస్తే మొహం తిప్పేసుకునే రకం. పాటలు పాడేది యేసుకి, భయపడేది ఆ ఆడిటర్‌కి. ఇది తెలిశాక భయం సగం దిగింది. మిగతా సగం అలాగే ఉంది, దానితోనే పని చేస్తున్నాను.

బైబిల్లోనే ఇంకో కథ ఉంది, బబులోనులో షద్రకు, మేషాకు, అబేద్నెగో అని ముగ్గురుంటారు. రాజు నిలబెట్టిన బంగారు ప్రతిమకి మొక్కకపోతే అగ్నిగుండమే. మా దేవుడు రక్షించగలడు, రక్షించకపోయినా మొక్కం అన్నారు వాళ్లు. మా చర్చిలో మాత్రం సాక్ష్యం, అంటే దేవుడు తమకేం చేశాడో అందరి ముందూ చెప్పడానికి, మైకు దొరికేది గెలిచినవాళ్లకే. దుకాణం మూతపడినవాడు వెనక బెంచీలో కూర్చుని ఆమెన్ అంటాడు. ఈ విషయంలో నాకు కాస్త చిరాకుంది, మా పాస్టరు అయ్యగారికి కూడా చెప్పాను.

మన ఊళ్లోనే చూడు. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే లండన్ మిషనరీలు విశాఖకి వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగులోకి తేవడానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. మూడు సువార్తలు శ్రీరాంపూర్ ప్రెస్సులో అచ్చయింది 1812లో. కొత్త నిబంధన మొత్తం తర్వాత వచ్చిన ప్రిచెట్ అనే మిషనరీ పూర్తిచేస్తే 1818లో మద్రాసులో అచ్చయింది. అచ్చు కాగితం ఆ ఇద్దరి చేతికీ అందనేలేదు. వాళ్లు పోయిన ఏడాదే ఎవరైనా లెక్క చూసి ఉంటే, నష్టం అని రాసేసేవాళ్లు. నా షెడ్డుని వాళ్లతో పోలుస్తున్నానని అనుకోకు, అంత తల తిరగలేదు.

తోడంటావా, అది మనుషుల రూపంలోనే వచ్చింది. అయ్యగారు ప్రార్థన చేసి వెళ్లిపోతారనుకున్నాను. గుమ్మం దగ్గర ఆగి, "అద్దె కట్టలేకపోతే ముందు నాకు చెప్పు, దాక్కోకు" అన్నారు. పోర్టులో రిటైరైన మా సంఘ పెద్ద ఒకాయన తన పాత స్పానర్ల పెట్టె తెచ్చిచ్చి, డబ్బు మాటే ఎత్తలేదు. మా ఆవిడకి భయం పోలేదు, ఒప్పుకుందంతే. రాత్రి ప్రార్థనలో షెడ్డు పేరు మాత్రం ఆవిడే ముందు ఎత్తుతుంది.

పని బాగానే వస్తోంది. డబ్బులే రావట్లేదు, అందరూ వేట మొదలయ్యాక ఇస్తామంటున్నారు. టెన్షన్ ఉంది.

నువ్వు హైదరాబాద్ వదిలి వచ్చేస్తానంటున్నావు. నీకు ఇంటి లోను ఉంది కాబట్టి నేను వచ్చేయ్ అనను, వద్దనీ అనను. నష్టపోతే ఎవరి ముందు తలెత్తుకోలేనని నీ భయమో, అది మాత్రం నాకు రాసి పంపు. డబ్బు లెక్క ఇద్దరం కూర్చుని చూద్దాం. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణకి ఎలాగూ వస్తావుగా, అప్పటికి బోట్లు వేటకెళ్లి నాకూ కాస్త తీరిక దొరుకుతుంది. రెండు రోజులు ముందే రా. నీ దగ్గరున్న నా డీజిల్ ఇంజిన్ల పుస్తకం మర్చిపోకుండా తీసుకురా, ఇంజెక్టర్ల పేజీలు అర్జెంటుగా కావాలి.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
పాలిటెక్నిక్ బావ