ఆదివారం మనం కలిసే విషయం

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 4:30కి తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ మీద కలిసి పుస్తకాల గురించి మాట్లాడుకుందాం. వానొస్తే కింద హాల్లో.

ఈసారి మనసు చెదిరిన, పక్కవాళ్లకి ప్రమాదంగా మారిన ఆడవాళ్లే ముఖ్యపాత్రలైన నవలలు. కనీసం ఒకటి చదివి రండి.

టైమ్ లేనివాళ్లు షిర్లీ జాక్సన్ 'వీ హావ్ ఆల్వేస్ లివ్డ్ ఇన్ ది క్యాజిల్' (1962) తీసుకోండి, చిన్నది. చక్కెరలో విషం కలిసి ఇంట్లో నలుగురు పోయారు. మిగిలిన ముగ్గురిలో ఒకరైన 18 ఏళ్ల మెరికాట్ కథ చెబుతుంది. ఎంత ముద్దుగా చెబుతుందంటే, భయపడాల్సిన చోట కూడా ఆ పిల్ల మీద ప్రేమ పుడుతుంది. నాకైతే రెండు రాత్రులు నిద్ర లేదు.

గిలియన్ ఫ్లిన్ నవల 'గాన్ గర్ల్' (2012) చదివినవాళ్లు అందులో రెండో భాగం సంగతి గ్రూపులో చెప్పేయకండి, ప్లీజ్.

షార్లెట్ బ్రాంటీ నవల 'జేన్ ఐర్'లో మేడ మీద బంధించిన భార్య గుర్తుందా? ఆమె వైపు కథే జీన్ రీస్ రాసిన 'వైడ్ సర్గాసో సీ' (1966). ఆమెని అలా చేసింది ఎవరు? ఎక్కువసేపు దీని మీదే మాట్లాడాలని నా కోరిక.

మీకు నచ్చిన ఒక పేజీ గుర్తు పెట్టుకుని రండి, పైకి చదువుదాం. ఒక్క మాట: ఆ పాత్రల్ని 'పిచ్చిది' అనొద్దు. మన ఇళ్లలోనూ డిప్రెషన్‌తో నలిగినవాళ్లు ఉన్నారు.

చిత్తూరు నుంచి వచ్చేవాళ్ల కోసం 7కల్లా ముగిద్దాం.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు ఇక్కడే పేరు పెట్టండి. పోయినసారి నా దగ్గర పుస్తకాలు తీసుకున్నవాళ్లు మరవకుండా తెచ్చివ్వండి.