రాజోలు దారిలో మా నాన్నకి నీళ్లు పోసిన మనిషికి

ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అయింది. ఒళ్లు హూనమైపోయింది, అయినా ఇది రాయందే నిద్ర పట్టేలా లేదు.

నాన్న ఇరిగేషన్‌లో లస్కరుగా, అంటే కాలువలు కనిపెట్టుకుని ఉండే పని చేసి రిటైరయ్యారు. పక్షవాతం వచ్చాక గడప దాటడమే తక్కువ. కాలువల వెంబడి అంతర్వేది దాకా వెళ్దామని అడుగుతుంటే తమ్ముడి కారులో బయల్దేరాం. తొందరేం లేదు, ఆయన ఆపమన్న చోటల్లా ఆపాం. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూశాం, ఆత్రేయపురంలో పూతరేకులు తిన్నాం. ర్యాలిలో ముందు విష్ణువు, వెనక మోహిని ఉన్న విగ్రహానికి దణ్ణం పెట్టుకున్నాం. పి.గన్నవరం అక్విడెక్టు దగ్గర మాత్రం నాన్న కదలనివ్వలేదు. అక్కడ కాలువ, గోదావరి పాయ అయిన వైనతేయ మీదుగా దాటుతుంది. 1850ల నాటి పాత కట్టడం, పక్కనే డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన కొత్తది. "పైనా గోదారే, కిందా గోదారే" అని తిరగని నోటితోనే చెప్పిందే చెప్పారు.

ఆ తర్వాత, బోలెడు మంది వచ్చే ఒక చోట మరుగుదొడ్డికి తాళం. చక్రాల కుర్చీ ఎక్కడానికి వాలు కట్టారు, బొమ్మ వేశారు, ప్రారంభించిన వాళ్ల పేర్లతో రాయి పెట్టారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడ ఎవరికీ తెలీదు! అవతల రాజోలు వైపు కాస్త దూరం వెళ్లామో లేదో, నాన్న ఆపుకోలేకపోయారు. బట్టలన్నీ పాడయ్యాయి. సిగ్గుతో తల ఎత్తలేదు.

కారు ఆపిన చోట ఒకాయన కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. మేం ఏమీ అడగలేదు. చూసి, గునపం దగ్గర నుంచి లేచి వచ్చాడు. "ఆయ్, బాబాయి గారూ, నా భుజం పట్టుకోండి" అని తమ్ముడితో కలిసి వాళ్ల బోరు దగ్గరికి నడిపించాడు. వాళ్లావిడ పొయ్యి మీద నీళ్లు పెట్టింది. నన్ను అటు ఉండమన్నాడు. కాసేపటికి తడిక అవతల నుంచి కేకేశాడు: "అమ్మా, మెత్తటి తువ్వాలేమన్నా ఉంటే ఇవ్వండి. పీచు లాగీ లాగీ నా చేతులు గరుకండి, ఆయనకి గీరుకుంటాయి."

తువ్వాలు అందించి, అక్కడే కొబ్బరి డొక్కల మీద కూర్చుని ఏడ్చాను. ఇన్ని నెలల్లో ఆసుపత్రుల్లో కూడా అంత ఏడవలేదు.

నాన్న ఉతికిన గళ్ల లుంగీలో, నుదుటిన విభూతితో బయటికొచ్చారు. డబ్బు ఇవ్వబోతే ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "కొబ్బరికాయల దింపు రోజు కాబట్టి ఇంటి దగ్గరున్నాను, లేకపోతే ఏమయ్యేదో" అని తనే బాధపడ్డాడు. పేరు అడిగితే చెప్పాడు, ఇక్కడ రాయను. లుంగీ ఉతికి తెచ్చిస్తాను అన్నా, లుంగీకోసం ఇంత దూరమేంటండీ అన్నాడు. వస్తాను మరి, నాన్నని కూడా తీసుకుని.

తమ్ముడు, మరదలు, అమ్మ సరే, వాళ్లకి వేరే చెప్పేదేముంది.

అంతర్వేదిలో స్వామి దర్శనం అయింది. తిరుగులో సఖినేటిపల్లి రేవులో మా కారుని ముందు పంటు (బళ్లని ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కించిన కుర్రాడికి, వెనక ఉండి ఒక్క మాట అనని వాళ్లందరికీ కూడా థాంక్స్. అయ్యో, ఆత్రేయపురంలో ఒకావిడ కుండ మీద నుంచి తీసిన రేకు నాన్న చేతికిచ్చి, విరిగిపోతే మరొకటి ఇచ్చింది, ఆవిడనీ మర్చిపోయాను. నర్సాపురంలో పంక్చర్ వేసిన అబ్బాయి కూడా. షాపు కట్టేసి మళ్లీ తీశాడు పాపం.

ఆ తాళం సంగతి ఎవరికి చెప్పాలో ఎవరైనా తెలిసిన వాళ్లుంటే కింద చెప్పండి. ఫొటో ఉంది నా దగ్గర.